చాంతిసిరి: రాతిమీద తన పేరు చెక్కించుకున్న ఉపాసిక



మీలో చాలామంది నాగార్జునకొండ చూసే ఉంటారు. బుద్ధ పూర్ణిమకో, పిల్లల సెలవులకో లాంచీ ఎక్కి, కృష్ణ నీళ్ళమీద దీవి చేరి, మ్యూజియంలో బుద్ధుని విగ్రహం ముందు వందనం చేసుకుని, ఫోటోలు దిగి, తిరుగు లాంచీకి పరుగెత్తి ఉంటారు. ఆ హడావిడిలో కొన్ని రాతి స్తంభాల ముక్కల్ని దాటిపోయి ఉంటారు. తెల్లటి రాయి, కాస్త ఆకుపచ్చ ఛాయ. అడుగుభాగం చదరం, దానిపైన ఎనిమిది పలకలు. కింద చీమల బారులాగా అక్షరాలు, కొన్నిటికి పొడుగ్గా వేలాడే తోకలు. పక్కన చీటీమీద ఆయక స్తంభం, శాసనం, 3వ శతాబ్దం అంటూ రెండు మూడు మాటలు. బొమ్మలు లేని రాయి కాబట్టి ఎవరూ అక్కడ ఆగరు.

ఈసారి ఆగండి. అది ఒక స్త్రీ జీవితకథ. ఆమెమీద కావ్యం లేదు, నాటకం లేదు. ఆమె గురించి తెలిసిందంతా ఆమె రాతిమీద చెక్కించినదే. పేరు చాంతిసిరి. చరిత్ర పుస్తకాల్లో శాంతిశ్రీ అని సంస్కృతంలోకి మార్చి రాస్తారు. ఆమె రాయించుకున్నది చాంతిసిరి అని. మనమూ అలాగే పిలుద్దాం.

ముందు ఆ స్తంభాలేమిటో చెప్పుకోవాలి. మన ఆంధ్రదేశపు స్తూపాలకి ఒక ప్రత్యేకత ఉంది. స్తూపానికి నాలుగు దిక్కులా నాలుగు అరుగులు ముందుకు పొడుచుకొచ్చి ఉంటాయి. ఒక్కో అరుగుమీద వరసగా ఐదు స్తంభాలు. వాటిమీద కప్పు ఉండదు, అవి దేన్నీ మోయవు. బుద్ధుని జననం, గృహత్యాగం, సంబోధి, మొదటి ధమ్మోపదేశం, మహాపరినిర్వాణం, ఈ ఐదింటికీ గుర్తుగా నిలిపినవి. నాలుగు దిక్కులా కలిపితే 20. అమరావతి, జగ్గయ్యపేట, నాగార్జునకొండ, ఎక్కడ చూసినా ఇదే పద్ధతి. రాయి పలనాటిది. కొందరు పాలరాయి అంటారు గానీ అది సున్నపురాయి. మెత్తగా చెక్కుడుపడుతుంది, నున్నగా తేలుతుంది. కాలిస్తే సున్నమవుతుంది. ఆ చివరి సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాం.

సాతవాహనుల తర్వాత కృష్ణా తీరాన్ని ఏలినవాళ్ళు ఇక్ష్వాకులు. రాజధాని విజయపురి, ఇప్పుడు నాగార్జునసాగరం నీళ్ళకింద ఉన్న లోయ. వంశాన్ని నిలబెట్టినవాడు వాసిష్ఠీపుత్ర చాంతమూలుడు. చాంతిసిరి ఆయన తోబుట్టువు, ఒకే తల్లి బిడ్డలు. హమ్మసిరి అని ఇంకో ఆడపడుచు కూడా ఉంది. చాంతిసిరిని పూకియ వంశపు ఖందసిరికి ఇచ్చారు. ఆయన మహాసేనాపతి, మహాతలవరుడు. ఈ తలవర అన్న మాటే తర్వాత మన ఊళ్ళలో తలారి అయిందనే పండితులున్నారు. ఒకనాడు సేనాపతుల బిరుదు, తర్వాత ఊరి కావలివాడి పని! మాటల బతుకు కూడా మనుషుల బతుకులాంటిదే.

ఆమె కొడుకు పేరు ఖందసాగరంనక. అన్న కొడుకు వీరపురుషదత్తుడు తర్వాత రాజయ్యాడు. అతను పెళ్ళాడిన రాణుల్లో ఒకామె బాపిసిరి, మేనత్త హమ్మసిరి కూతురు. చాంతిసిరి కూడా తన తర్వాతి శాసనంలో ఈ రాజుని అల్లుడని చెప్పుకుంది. మేనరికం అంటే ఏమిటో ఉత్తరాది పండితులకి వివరించి చెప్పాలి. మీకు అక్కర్లేదు కదా. మేనత్తే అత్తగారు కావడం మన ఇళ్ళల్లో ఎరిగిన సంగతే.

ఇప్పుడు అసలు చిక్కు. చాంతిసిరి అన్న వైదిక యజ్ఞాలు చేసిన రాజు. అగ్నిహోత్రం, అగ్నిష్టోమం, వాజపేయం, చివరికి అశ్వమేధం. ఆయన కొలిచిన దేవుడు మహాసేనుడు, అంటే కుమారస్వామి. కోట్ల బంగారం, లక్ష ఆవులు, లక్ష నాగళ్ళ నేల దానం చేశాడని పొగడ్త. ఈ సంగతులు మనకి ఎక్కడినుంచి తెలిశాయి అనుకుంటున్నారు? చాంతిసిరి బుద్ధుని స్తూపం దగ్గర నిలిపిన స్తంభాలమీంచే! బుద్ధునికి నమస్కారంతో మొదలుపెట్టి, అదే రాతిమీద, అదే ఊపిరితో, అన్నగారి అశ్వమేధాన్ని గర్వంగా చెక్కించింది.

మన సభల్లో చాంతిసిరి బ్రాహ్మణమతాన్ని ఎదిరించిన వీరనారి అని చెప్పేవాళ్ళున్నారు. ఆ మాట వినడానికి బాగుంటుంది, చప్పట్లు పడతాయి. కానీ ఆమె రాయి ఆ మాట చెప్పదు. రాతిలో లేనిది మనం ఆమె నోట పెడితే, రేపు చదివినవాడెవడైనా లేచి మన మిగతా మాటల్ని కూడా కొట్టిపారేస్తాడు. బాబాసాహెబ్ చరిత్ర రాసినప్పుడల్లా మూలగ్రంథాలు ముందేసుకుని రాసిన మనిషి. ఆయన పేరు చెప్పుకునేవాళ్ళం రాయి ఏం చెబుతుందో దాన్ని వినే ఓపికైనా పట్టాలి.

రాయి చెప్పేది నిజానికి ఇంకా దగ్గరి సంగతి. ఒకే ఇంట్లో రెండు దారులు. అన్న యజ్ఞశాల వైపు, చెల్లెలో అక్కో స్తూపం వైపు. 1956 తర్వాత మన పేటల్లో ఎన్ని ఇళ్ళు ఇలా లేవు? తండ్రి దీక్ష తీసుకుని 22 ప్రతిజ్ఞలు చేశాడు, తల్లి ఇంకా పోచమ్మకి బోనం ఎత్తుతుంది. కోడలు త్రిశరణం చెబుతుంది, అత్తగారు చెవులు మూసుకుంటుంది. చాంతిసిరికి 22 ప్రతిజ్ఞలు లేవు. మనం తీసుకున్న దీక్ష ఆమె కాలంలో ఎవరూ ఎరగరు. కాబట్టి ఆమెని మన కొలబద్దతో కొలిచి తప్పు పట్టడమూ తప్పే, మన మనిషని మార్చి రాయడమూ తప్పే. అలాంటి ఇంట్లో ఉండి ఆమె ఏం చేసిందో చూద్దాం.

వీరపురుషదత్తుని 6వ రాజ్యసంవత్సరంలో మహాచేతియం పని పూర్తయింది. అడుగున 106 అడుగుల వ్యాసం. పైకి గుండ్రటి దిబ్బలా కనిపించినా లోపల ఇటుక గోడలతో చక్రం ఆకారంలో కట్టారు, మధ్యలో కుంభం, చుట్టూ ఆకులు. ధమ్మచక్రాన్నే పునాదిగా వేసి దానిమీద మట్టి నింపారన్నమాట. పని దగ్గరుండి చూసుకున్నవాడు భదంత ఆనందుడు. దీఘ, మజ్ఝిమ నికాయాలు కంఠస్థం చేసి చెప్పగల ఆచార్యుల శిష్యుడు. కట్టడం పని చూసే భిక్షువుని నవకమ్మికుడు అనేవారు. ఇటుక లెక్క తెలిసినవాడే సుత్తాలు కూడా తెలిసినవాడు. ఈ స్తూపం అపరమహావినసేలియ సంఘానిది. దాని ఆయక స్తంభాలు చాంతిసిరి, ఆమె ఇంటి ఆడవాళ్ళు నిలిపారు.

శాసనంలో తేదీ ఉంది: వర్షాకాలం, 6వ పక్షం, 10వ రోజు. అప్పట్లో ఏడాదికి మూడు కాలాలు, ఒక్కో కాలానికి 8 పక్షాలు. ఆషాఢ పూర్ణిమ మర్నాటినుంచి, అంటే భిక్షువుల వర్షావాసం మొదలయ్యే రోజునుంచి వేళ్ళమీద లెక్కపెట్టండి. ఆషాఢ బహుళం ఒకటి, శ్రావణ శుద్ధం రెండు, శ్రావణ బహుళం మూడు, భాద్రపద శుద్ధం నాలుగు, భాద్రపద బహుళం ఐదు, ఆశ్వయుజ శుద్ధం ఆరు. అందులో 10వ రోజు దశమి. విజయదశమి! 1956 అక్టోబరు 14న బాబాసాహెబ్ నాగపూర్‌లో దీక్ష తీసుకున్న తిథి. ఇది తెలిసి ఒళ్ళు జలదరిస్తే తప్పులేదు. దీన్ని పట్టుకుని ఏదో మహిమ అని మాత్రం ప్రచారం చెయ్యొద్దు, రెండు తేదీలు కలిశాయి, అంతే. బుద్ధుడు ఇలాంటి మహిమల్ని నమ్మమని చెప్పలేదు.

భాష సంగతి కూడా గమనించండి. అన్నగారు చేసిన యజ్ఞాల్లో మంత్రాలు సంస్కృతం. చెల్లెలి స్తంభంమీద మాటలు ప్రాకృతం, మనం వందనలో చెప్పుకునే పాళీకి అక్కచెల్లెలు లాంటి భాష. మొదటి పంక్తిలో బుద్ధునికి పెట్టిన నమస్కారం వింటే, మీ ఇంట్లో పిల్లలు కూడా అర్థం చెప్పగలరు.

ఆ నమస్కారం తర్వాత ఆమె తన గురించి చెప్పుకుంటుంది. ఫలానావారి సోదరి, ఫలానావారి భార్య, ఫలానావారి తల్లి. ఇంతవరకూ ఏ కాలంలోనైనా ఆడదాన్ని పరిచయం చేసే పద్ధతే. ఆ వెంటనే ఒక మాట: మహాదానపతిని. దానపతి భార్య అని కాదు. ఆ దానానికి ఆమే యజమాని. భర్త మహాసేనాపతి అయినా ఈ స్తంభాలు ఆయన చేతిమీదుగా ఇచ్చినవి కావు. మన దగ్గర విహారానికి చందా రాయించేటప్పుడు ఇంటావిడ దాచిన డబ్బులు ఇస్తుంది, రసీదు మాత్రం ఇంటాయన పేరుమీద చిరుగుతుంది. ఆ రసీదు పుస్తకం మీ దగ్గరుంటే ఒకసారి తిరగేసి చూడండి.

దానం ఎవరికి? శ్రమణులకు, బ్రాహ్మణులకు, దీనులకు, దిక్కులేనివాళ్ళకు. బ్రాహ్మణులకు కూడా ఇచ్చింది, దాచడమెందుకు. ఆమె ఇచ్చే దానాల్ని వేలాముడి దానంతో పోల్చారు, ధార తెగకుండా ఇచ్చిందని. ఈ పోలిక దగ్గర కాస్త ఆగాలి.

వేలాముడి కథ అంగుత్తర నికాయంలో, నవక నిపాతంలో ఉంది. అనాథపిండికుడు ఒకసారి బుద్ధుని దగ్గర, తన ఇంట్లో ఇప్పుడు నూకల అన్నం, పులిసిన గంజి తప్ప ఇవ్వడానికి మంచిదేదీ లేదని చిన్నబోయాడు. అప్పుడు బుద్ధుడు వేలాముడనే బ్రాహ్మణుడి కథ చెప్పాడు. బంగారు పాత్రల నిండా వెండి, వెండి పాత్రల నిండా బంగారం, ఏనుగులు, రథాలు, ఆవులు, వేలకు వేలు దానం చేశాడు. ఆ మొత్తం దానం కన్నా సరైన దృష్టి ఉన్న ఒక్క మనిషికి అన్నం పెట్టడం గొప్పది. అలా మెట్టు మెట్టుగా పోతుంది. సంఘానికి విహారం కట్టించడం ఇంకా గొప్పది. త్రిశరణం అంతకన్నా గొప్పది. పంచశీలం అంతకన్నా. ఒక్క క్షణం మైత్రి భావన అంతకన్నా. చిటికె వేసినంతసేపు అనిత్యాన్ని ఎరగడం అన్నిటికన్నా గొప్పది.

అంటే నికాయాలు తెలిసిన మనిషికి వేలాముడి పేరు వినగానే నిచ్చెన మొత్తం కనబడుతుంది. రాణిగారి దానం ఎంత పెద్దదో చెప్పే మాటలోనే, అది నిచ్చెనలో మొదటి మెట్టు అన్న సంగతీ ఉంది. నికాయాలు చెప్పే భిక్షువులు తిరిగే చోట చెక్కిన రాయి కాబట్టి ఈ పోలిక ఊరికే పడిందని నాకు అనిపించదు. నూకల గంజి తాగి పెరిగిన మనకి ఈ సుత్తం రాణుల కన్నా దగ్గరిది.

స్తంభం నిలిపి ఆమె కోరుకున్నది మూడు. తన పుట్టింటికీ మెట్టినింటికీ, గతంలో ఉన్నవాళ్ళకీ, ఇప్పుడున్నవాళ్ళకీ, పుట్టబోయేవాళ్ళకీ మేలు. తనకి నిర్వాణం. సమస్త లోకానికి హితం, సుఖం. అశ్వమేధం చేసిన అన్న ఆ పుట్టింట్లో ఉన్నాడు. ఆయన్ని వదిలెయ్యలేదు, ఆయన దారినా పోలేదు.

ఆమె ఒక్కతే అయితే రాణిగారి ముచ్చట అనుకోవచ్చు. కానీ ఆ స్తూపం చుట్టూ స్తంభాలమీద ఆ ఇంటి ఆడవాళ్ళే వరసగా నిలబడ్డారు. బాపిసిరి ఉంది. చాంతమూలుని కూతురు అడవి చాటిసిరి ఉంది. ఉజ్జయిని నుంచి కోడలిగా వచ్చిన రుద్రధర భట్టారిక ఒక స్తంభంతో పాటు 170 దీనారి మాషకాలు ఇచ్చింది. తర్వాత తరంలో వీరపురుషదత్తుని రాణి భటిదేవి బహుశ్రుతీయ సంఘానికి విహారం కట్టించింది. వనవాసి రాజుకి ఇచ్చిన ఆయన కూతురు కొడబలిసిరి మహీశాసక సంఘానికి కట్టించింది. మగవాళ్ళు గుళ్ళకీ యజ్ఞాలకీ, ఆడవాళ్ళు సంఘానికీ. మూడు తరాలపాటు ఇలాగే నడిచింది.

చాంతిసిరి గురించి రాయి మళ్ళీ మాట్లాడేది 12 ఏళ్ళ తర్వాత, వీరపురుషదత్తుని 18వ ఏట. మహాచేతియం పక్కనే భిక్షువుల కోసం చేతియఘరం కట్టించింది, ఒక కొస గుండ్రంగా ఉండే రాతి కట్టడం. ఈసారి రాజుని అల్లుడని చెప్పి, ఆయనకి ఆయుష్షు, విజయం కోరింది. రెండేళ్ళకి, 20వ ఏట, చాంతమూలుని స్మృతిస్తంభం కనిపిస్తుంది. తల్లులు, అక్కచెల్లెళ్ళు, భార్యలు కలిసి నిలిపినది. చాంతిసిరి కథ రాతిమీద ఇంతవరకే.

మీలో ఎవరో అడుగుతారు, నాకు తెలుసు: రాజుల ఇంటి ఆడవాళ్ళ గొప్పలు మనకెందుకండీ, మనవాళ్ళ పేరు ఎక్కడన్నా ఉందా అని. ఉంది. అదే పలనాటి రాయిమీద, అదే కృష్ణ ఒడ్డున ఉంది. అమరావతిలో పూర్ణఘటం చెక్కిన ఒక పలక ఉంది. దాన్ని ఇచ్చినవాడు విధికుడు. తండ్రి పేరు నాగుడు, ఉపాధ్యాయుడు. విధికుడి వృత్తి రాతిమీద స్పష్టంగా ఉంది: చమ్మకారుడు. తోలుపని చేసే మనిషి. తల్లి, భార్య, అన్నదమ్ములు, కొడుకు, కూతుళ్ళు, చుట్టాలు, స్నేహితులు అందరితో కలిసి ఇచ్చానని రాయించాడు. వృత్తి దాచుకోలేదు, దాచమని ఎవరూ అడగలేదు. తండ్రి చదువు చెప్పేవాడు, కొడుకు తోలుపని చేసేవాడు, ఇద్దరూ ఒకే పంక్తిలో. మన మాదిగపేటలో పుట్టినవాళ్ళు ఆ పంక్తిని రెండుసార్లు చదవాలి.

జగ్గయ్యపేటలో తూర్పు ద్వారం దగ్గర ఐదు ఆయక స్తంభాల్ని నిలిపింది రాజు కాదు, సిద్ధత్థుడనే శిల్పి, నాగచందుడి కొడుకు. అదీ వీరపురుషదత్తుని 20వ ఏటే. నాగార్జునకొండలోనే బోధిసిరి అనే ఉపాసిక రాజకుటుంబం కాకపోయినా సింహళం భిక్షువుల కోసం చేతియఘరం కట్టించింది. ఆమె శాసనంలో కశ్మీరం, గాంధారం, చీనా దాకా పేర్లు వస్తాయి. విజయపురి ఆడవాళ్ళకి లోకం ఎంత పెద్దదో తెలుసు.

ఇంత సంపద ఏమైంది? సున్నపురాయి అని చెప్పాను కదా. 1797లో కల్నల్ మెకంజీ అమరావతి చేరేనాటికే దిబ్బ తవ్వి రాళ్ళు పట్టుకుపోవడం మొదలైంది. తర్వాత ఎన్నో పలకల్ని బట్టీల్లో కాల్చి సున్నం చేశారు. ఎవరి పేర్లు, ఎవరి తల్లుల పేర్లు గోడలకి వెల్లగా మారాయో! విధికుడి పలక దక్కింది. నాగార్జునకొండ లోయ కొండల మధ్య మారుమూలగా ఉండటం చాంతిసిరికి కలిసొచ్చింది. 1926లో ఒక స్థానిక ఉపాధ్యాయుడు చెబితే శాసనాల శాఖ వాళ్ళు వచ్చి ఆ స్తంభాలు చూశారు. 1927 నుంచి 1931 దాకా లాంగ్‌హర్స్ట్ తవ్వించాడు. శాసనాల్ని వోగెల్ అనే డచ్చి పండితుడు చదివి అచ్చువేశాడు.

మహాచేతియం లోపలి అరల్లో ఒకదానిలో పగిలిన కుండ దొరికింది. అందులో స్తూపం ఆకారంలో వెండి డబ్బీ, దాని లోపల చిన్న గుండ్రని బంగారు డబ్బీ, బంగారు పూలు, ముత్యాలు, బంగారు డబ్బీలో బఠాణీ గింజంత ఎముక ముక్క. ఇది బుద్ధుని ధాతువున్న చేతియం అని శాసనాలు చెప్పిన మాటకి ఆ డబ్బీ జవాబు. ఆ ధాతువుని తర్వాత సారనాథ్‌లోని మూలగంధకుటి విహారానికి ఇచ్చారు. మీరు బుద్ధగయ, సారనాథ్ యాత్రకి వెళ్ళినప్పుడు వందనం చేసేది మన కృష్ణానది ఒడ్డునుంచి వెళ్ళిన ధాతువుకి కూడా.

1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్ డ్యాముకి శంకుస్థాపన జరిగింది. లోయ మునిగిపోతుందని తెలిసి 1954 నుంచి 1960 దాకా సుబ్రహ్మణ్యం గారి ఆధ్వర్యంలో మళ్ళీ పెద్ద ఎత్తున తవ్వారు. కొన్ని కట్టడాల్ని రాయి రాయి విప్పి కొండమీదికి, ఒడ్డున అనుపుకి చేర్చి తిరిగి కట్టారు. కొండ దీవి అయింది. చాంతిసిరి నడిచిన వీధులు నీళ్ళలో ఉన్నాయి. ఆ నీళ్ళే మన పొలాలకి కాలవల్లో వస్తున్నాయి.

ఈసారి వెళ్ళేటప్పుడు శుక్రవారం కాకుండా చూసుకోండి, మ్యూజియం మూసి ఉంటుంది. పొద్దున లాంచీకే వెళితే తొందర ఉండదు. స్తంభాన్ని ముట్టుకోకండి, వేలి చెమటకి కూడా సున్నపురాయి పాడవుతుంది. మీతో వచ్చిన అమ్మల్ని, అక్కల్ని, కోడళ్ళని ముందు నిలబెట్టి, అక్షరాలున్న కింది భాగం చూపించి, అది ఎవరి పేరో చెప్పండి. పిల్లలు విధికుడి గురించి అడిగితే, ఆయన రాయి ఇక్కడిది కాదు, అమరావతిదని చెప్పండి.